బోటులో బట్టల మెషిన్ మార్చాలంటే...

ఈ వారం ఉత్తరం కల్బా నుంచి వచ్చింది. రాసింది జగిత్యాల వైపు తమ్ముళ్ళు ముగ్గురు. ఒకరు ఏసీ మెకానిక్, ఒకరు ప్లంబర్, ఒకరు హెల్పర్. పేర్లు వేయవద్దన్నారు కాబట్టి వేయడం లేదు. ఉత్తరం వాళ్ళ మాటల్లోనే చదవండి.

‘అన్నా, ఒక బోటుల వాషింగ్ మెషిన్, డ్రయ్యర్ రెండూ ఖరాబైనయి. పాతయి తీసి కొత్తయి పెట్టాలె. పాత మెషిన్ తలుపు కంటె పెద్దగ ఉన్నది. లోపలికి ఎట్ల పోయిందో సమజైతలేదు. ఓనరేమో గోడ కోసెయ్యుమంటున్నడు. పైసలు మంచిగనే ఇస్తనంటున్నడు. సెలవు రోజు పోయి చెయ్యాలె. పోవాల్నా వద్దా చెప్పుండ్రి.’

అడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో రెండున్నాయి. మెషిన్ ఎట్లా మార్చాలన్నది ఒకటి, అసలు ఈ పనికి పోవచ్చా అన్నది రెండు. రెండోదే పెద్దది. అయినా ముందు పని సంగతే చెబుతాం. పని ఏమిటో తెలిస్తే తప్ప అందులో దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలియదు.

కల్బా అనగానే దుబాయ్, అబుదాబిలో ఉన్న మనవాళ్ళు చేపల పడవలే అనుకుంటారు. చేపల పడవల్లో వాషింగ్ మెషిన్లు ఉండవు, నిజమే. కానీ పక్కనే ఫుజైరా ఉంది. ఓడలకు ఇంధనం పోసే రేవుల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో అదొకటి. సముద్రంలో లంగరేసి నిలిచిన ఓడల వరుస ఆ తీరం పొడుగునా కనిపిస్తూనే ఉంటుంది. వాటి చుట్టూ తిరిగే టగ్గులు, సామాను బోట్లు, మనుషుల్ని దించే క్రూ బోట్లు ఎన్నో. టగ్గులో మనుషులు నెలల తరబడి అక్కడే తిని అక్కడే పడుకుంటారు. వాళ్ళకు బట్టల మెషిన్ షోకు కాదు. ఇంజన్ గదిలో పనిచేసేవాడి బాయిలర్ సూట్ రెండు రోజులకే నూనె కారుతుంది. ఇక షేకుల, వ్యాపారస్తుల షికారు బోట్లు వేరే. వాటిలో అన్నీ ఉంటాయి.

‘ఇంత ఎండలో డ్రయ్యర్ దేనికి?’ అని మన క్యాంపుల్లో నవ్వుతారు. బోటు పైన ఆరేసిన బట్టకు ఉప్పు నీటి తుంపర తగులుతుంది. ఉప్పు పట్టిన బట్ట ఎంత ఎండినా గాలిలో చెమ్మ పీల్చి మళ్ళీ మెత్తబడుతుంది, ఒంటికి రాసుకుని కురుపులు లేస్తాయి. అందుకే డ్రయ్యర్.

ఇక్కడే ఒక తికమక తేల్చాలి. మన క్యాంపుల్లో ఉండేవి ఎక్కువగా రెండు డబ్బాల సెమీ ఆటోమేటిక్ మెషిన్లు. ఒక డబ్బాలో ఉతుకుతాం, పక్క డబ్బాలో వేస్తే గిర్రున తిరిగి నీళ్ళు పోతాయి. ఆ పక్క డబ్బానే మనం డ్రయ్యర్ అంటాం. అది పిండేదే తప్ప ఆరబెట్టేది కాదు. బోటులో డ్రయ్యర్ అంటే వేడి గాలి కొట్టి ఆరబెట్టే వేరే మెషిన్. ఈ తేడా తెలియక ‘డ్రయ్యర్ పనే కదా, ఎన్నిసార్లు చేయలేదు’ అని ఒప్పుకున్నవాళ్ళు చిక్కుల్లో పడతారు. వేడి, పొగ గొట్టం, గ్యాస్ అన్నీ ఆ మెషిన్‌లోనే ఉంటాయి.

తలుపు కంటే మెషిన్ ఎందుకు పెద్దగా ఉంది? బోటు కట్టేటప్పుడు కింది భాగం అయ్యాక, పై డెక్ మూయక ముందే పెద్ద సామాన్లు క్రేన్‌తో దించేస్తారు. ఆ తర్వాత వాటి చుట్టూ గోడలు, బీరువాలు, తలుపులు వస్తాయి. ఇల్లు కట్టకముందే రోలు పాతి చుట్టూ గోడ లేపినట్టు. కాబట్టి పాత మెషిన్ వచ్చిన దారి ఇప్పుడు లేదు. అది ముక్కలుగానే బయటికి రావాలి. కొత్తది మాత్రం ఉన్న దారిలోనే పోవాలి.

అందుకే మొదటి పని స్పానర్ పట్టుకోవడం కాదు, టేపు పట్టుకోవడం. మామూలు ముందు తలుపు మెషిన్ వెడల్పు 60 సెంటీమీటర్లు, ఎత్తు 85, లోతు 55 నుంచి 60. సన్నరకం మెషిన్లు 40, 45 లోతులో కూడా దొరుకుతాయి. తలుపు కొలిచేటప్పుడు చెక్కకూ చెక్కకూ మధ్య కాదు, తలుపు తెరిచి ఉన్నప్పుడు మిగిలే ఖాళీ కొలవండి. మెట్ల మలుపు, తల మీది దూలం, గడప ఎత్తు అన్నీ రాసుకోండి. బోటు గోడలు నిటారుగా ఉండవు, పైన వెడల్పు, కింద ఇరుకు. అందుకే మూడు చోట్ల కొలిచి అందులో చిన్న అంకె పట్టుకోండి.

కొలతల కంటే నమ్మకమైన ఉపాయం ఒకటుంది. ఏసీ అట్టపెట్టెలు కోసి, కొత్త మెషిన్ సైజులోనే ఖాళీ డబ్బా ఒకటి టేపుతో అంటించండి. దాన్ని జెట్టీ మీద నుంచి పెట్టాల్సిన చోటు దాకా ఇద్దరూ మోసుకుపోండి. ఎక్కడ ఇరుక్కుంటుందో అట్టే చెబుతుంది. ఖర్చు లేదు, గీత పడదు. కొత్త మెషిన్ కొనక ముందే ఈ పని చేయాలి. కొన్న తర్వాత పట్టలేదంటే ఆ బాధ ఓనర్ మీ మీదే వేస్తాడు.

గోడ కోయమన్న మాటకు మా జవాబు ఒక్కటే. కోయవద్దు. ఇంటి గోడ వేరు, బోటు గోడ వేరు. కొన్ని గోడలు బోటు వంగకుండా పట్టి ఉంచేవి. కొన్ని ఒక గదిలో నీళ్ళొస్తే పక్క గదిలోకి పోకుండా ఆపేవి. ఫైబర్ పలక వెనక డీజిల్ పైపు ఉందో, కరెంటు వైరు ఉందో బయటికి తెలియదు. కోయాల్సి వస్తే అది బోటు కట్టే యార్డు పని. అంతకంటే తేలిక దారులున్నాయి. తలుపు కీలు ఊడదీస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసి వస్తాయి. మెషిన్ కాళ్ళు లోపలికి తిప్పితే ఎత్తు కొంచెం తగ్గుతుంది. చాలా మెషిన్లకు పై మూత వెనక రెండు స్క్రూలతో ఊడి వస్తుంది, దాంతో ఇంకొంచెం. పెద్ద కిటికీ ఉంటే అద్దం ఫ్రేముతో సహా తీసి పై నుంచి దించడం కూడా చేస్తారు. అప్పటికీ పట్టకపోతే సన్నరకం మెషిన్ కొనమనండి.

రెండు మెషిన్ల బదులు ఉతికి ఆరబెట్టే ఒకే మెషిన్ పెడదామని ఓనర్ అడగవచ్చు. చోటు కలిసొస్తుంది కానీ, 8 కిలోలు ఉతికేది ఆరబెట్టేది 5 కిలోలకు అటూ ఇటే. సగం బట్టలు బయటికి తీయాలి. పైగా అలాంటి వాటిలో చాలా రకాలు ఆవిరిని చల్లార్చడానికి మంచినీళ్ళు వాడతాయి. బోటులో మంచినీళ్ళు ట్యాంకులో ఉన్నంతే. ఈ మాట ముందే చెప్పి ఒప్పించండి.

బరువు సంగతి. క్యాంపులో రెండు డబ్బాల మెషిన్‌ను ఒక్కడే భుజాన వేసుకుంటాడు, అది 25 కిలోలకు అటూ ఇటూ. ముందు తలుపు మెషిన్ 60 నుంచి 75 కిలోలు. అంత బరువు ఎక్కడిదంటే, లోపల కాంక్రీటు దిమ్మ ఉంటుంది. డ్రమ్ము నిమిషానికి వెయ్యికి పైగా తిరిగేటప్పుడు మెషిన్ ఎగరకుండా అణచిపెట్టేది అదే. పాత మెషిన్ తీసేటప్పుడు పై మూత ఊడదీసి ఆ దిమ్మ బోల్టులు విప్పి వేరుగా మోస్తే నడుములు మిగులుతాయి. కొత్త మెషిన్‌కు మాత్రం ఆ పని ఓనర్ రాసి ఇస్తేనే చేయండి. మూత విప్పితే వారంటీ పోయిందని కంపెనీవాడు అంటే మాట మీ మీదకు వస్తుంది.

కొత్త మెషిన్ వెనక మూడో నాలుగో పొడుగు బోల్టులుంటాయి. దారిలో డ్రమ్ము ఊగకుండా పట్టి ఉంచేవి. చోట్లో పెట్టేదాకా విప్పవద్దు, పెట్టాక విప్పకుండా ఆన్ చేయవద్దు. విప్పకుండా ఆన్ చేస్తే మెషిన్ గది అంతా తిరుగుతుంది. విప్పిన బోల్టులు పాలిథిన్ సంచిలో వేసి మెషిన్ వెనకే అంటించండి, మళ్ళీ తీసేవాడికి పనికొస్తాయి. బోటు ఊగుతుంది కాబట్టి మెషిన్‌ను నేలకో గోడకో బిగించాలి, ఊరికే నిలబెట్టి రాకూడదు.

ఇప్పుడు కరెంటు. ఇంట్లో పనిచేసిన ఎలక్ట్రీషియన్ బోటులో దెబ్బతినేది ఇక్కడే. బోటుకు కరెంటు మూడు దారుల్లో వస్తుంది. జెట్టీ మీది ప్లగ్గు ఒకటి, బోటు జనరేటర్ ఒకటి, బ్యాటరీ మీద నడిచే ఇన్వర్టర్ ఒకటి. జెట్టీ ప్లగ్గు పీకేసి ‘కరెంటు లేదు’ అనుకుంటారు. ఇన్వర్టర్ లోపల నుంచి ఇస్తూనే ఉంటుంది. మూడూ ఆపాలి. బ్రేకర్‌కు తాళం వేసి చెవి మీ జేబులో పెట్టుకోవాలి. వంటవాడు టీ కోసం ఆన్ చేశాడంటే ఎవరిని అంటాం?

ఇంకోటి. ఇంట్లో ఫేజు ఒకటి, న్యూట్రల్ ఒకటి. చాలా ఓడల్లో, టగ్గుల్లో 220 వోల్టుల లైనుకు న్యూట్రల్ ఉండదు. రెండు వైర్లూ ఫేజులే. ఒక వైరు తెంపే స్విచ్చు ఆపితే రెండోది బతికే ఉంటుంది. చుట్టూ ఇనుము, కింద తడి, మనం చెమటతో ముద్దగా ఉంటాం. కాబట్టి రెండు వైర్లనూ ఒకేసారి తెంపే బ్రేకరే ఆపండి. రెండింటినీ మీటరుతో చూడండి. టెస్టర్ లైటును నమ్మవద్దు.

నేమ్ ప్లేటు చదవకుండా మెషిన్ కొననివ్వకండి. ఇక్కడి ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్. ఓడల జనరేటర్లు చాలావరకు 60 హెర్ట్జ్. 50 అని మాత్రమే రాసి ఉన్న మెషిన్ 60 మీద పెడితే నీళ్ళు తోడే పంపు లాంటివి ఉండాల్సిన దానికంటే వేగంగా తిరిగి తొందరగా చెడతాయి. 50/60 అని రాసి ఉంటే నిశ్చింత. అమెరికాలో తయారైన షికారు బోటయితే అక్కడి వాషింగ్ మెషిన్ 120 వోల్టులది, డ్రయ్యర్ 240ది. దుబాయ్ షాపులో కొన్న మెషిన్‌ను ఆ 120 ప్లగ్గుకు తగిలిస్తే పని చేయదు.

నీళ్ళ పని ప్లంబర్ తమ్ముడికి తెలిసిందే అయినా ఒక మాట. ఇంట్లో మురికి నీళ్ళు కిందికి పోతాయి. బోటులో మెషిన్ సముద్ర మట్టానికి కిందే ఉండవచ్చు. పంపు నీళ్ళను పైకి తోసి బయటికి వదలాలి. ఆ గొట్టాన్ని నీటి మట్టానికి బాగా పైకి లేపి వంపు తిప్పి, వంపు నెత్తిన గాలి పీల్చే వాల్వు పెట్టకపోతే, పంపు ఆగాక సముద్రమే గొట్టం వెంట వెనక్కి వస్తుంది. పాత ఫిట్టింగులో ఆ వాల్వు ఉంటే తీసి పారేయకండి, అడ్డంగా ఉందని కురచ చేయకండి. పాత మెషిన్ కదిలించే ముందు కింద ఉన్న ఫిల్టర్ విప్పి మిగిలిన నీళ్ళు ట్రేలోకి తీయండి. రెండు మూడు లీటర్లయినా ఉంటాయి.

డ్రయ్యర్ దగ్గర కొంచెం ఆగాలి. బట్టల నుంచి రాలే నూగు అంతా దాని గొట్టంలో పేరుకుంటుంది. ఆ నూగు దూదిలా అంటుకుంటుంది. అమెరికాలో అగ్నిమాపక శాఖ 2008 నుంచి 2010 దాకా లెక్క తీస్తే ఇళ్ళలో ఏటా సుమారు 2,900 డ్రయ్యర్ మంటలు తేలాయి, శుభ్రం చేయకపోవడమే అందులో మొదటి కారణం. లండన్‌లో 2016 ఆగస్టులో షెపర్డ్స్ బుష్ దగ్గర 18 అంతస్తుల భవనంలో లేచిన మంటకూ నడుస్తున్న డ్రయ్యరే మొదలు. ఇల్లయితే బయటికి పరుగెత్తవచ్చు, బోటులో ఎక్కడికి? అందుకే పాత గొట్టం అలాగే ఉంచి కొత్త మెషిన్ తగిలించడం ఒప్పుకోకండి. తెల్ల ప్లాస్టిక్ ముడతల గొట్టం తీసేసి రేకు గొట్టం వేయాలి. ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా ఉంటే అంత మంచిది. బయటి మూతికి అల లోపలికి రాకుండా రెప్ప ఉండాలి.

నూనె అంటిన బాయిలర్ సూట్లు డ్రయ్యర్‌లో వేయవద్దని టగ్గువాళ్ళకు మీరే చెప్పిపోండి. ఉతికినా నూనె కొంత మిగులుతుంది. వేడి బట్టలు కుప్పగా ఉంటే నిప్పు పెట్టకుండానే అంటుకునే గుణం దానికుంది.

ఈ రోజుల్లో హీట్ పంప్ డ్రయ్యర్లు వస్తున్నాయి. గొట్టం అక్కరలేదు, కాబట్టి బోటుకు బాగా సరిపోతాయి. కానీ లోపల ఏసీ లాగే కంప్రెషర్, గ్యాస్ ఉంటాయి. కొన్నిటిలో ఆర్-290, అంటే ప్రొపేన్. మంట అంటుకునే గ్యాస్ అది. ఏసీ తమ్ముడికి వేరే చెప్పక్కరలేదు. పడుకోబెట్టి మోసుకొస్తే నిలబెట్టి, బుక్‌లో రాసినంత సేపు ఆగి ఆన్ చేయాలి. పాతది విప్పేటప్పుడు రాగి గొట్టం తెంపవద్దు, ఆ ఇరుకులో అసలే వద్దు.

ఇరుకు అన్నాం కదా. మెషిన్ వెనక దూరి పనిచేసేవాడు ఒంటరిగా ఉండకూడదు. తలుపు దగ్గర ఒకడు కనిపించేలా నిలబడాలి. స్పానర్ జారి అడుగున బొరియలోకి పడితే దాని కోసం మూత తీసి దిగవద్దు. మూసి ఉన్న ఇనుప అరల్లో తుప్పు గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. వాసన రాదు, దిగినవాడు రెండు నిమిషాల్లో కూలిపోతాడు. వాడిని తీయబోయిన రెండోవాడు కూడా పోతాడు. మన ఊళ్ళలో పాత బావుల్లో, మ్యాన్‌హోళ్ళలో జరిగేదీ ఇదే. పోతే 20 దిర్హాముల స్పానర్ పోయింది అనుకోండి.

ఎండ సంగతీ ఉంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఆరుబయట పని చేయించరాదని ఇక్కడ రూలు 2005 నుంచి ఉంది. బోటు లోపల ఆరుబయట కాదు కదా అని ఫోర్‌మన్ అనవచ్చు. కరెంటు ఆపేశాక ఏసీ ఉండదు, ఇనుప డబ్బా పొయ్యిలా కాలుతుంది. రూలు మాట పక్కన పెట్టి, ఆ వేళ బయటికి రండి.

మోసే వేళ కూడా ఎంచుకోవాలి. గోదావరి, కృష్ణ తీరంవాళ్ళకు పోటు, పాటు తెలుసు. పోటు మీద ఉన్నప్పుడు బోటు డెక్ జెట్టీకి దగ్గరగా వస్తుంది, పలక వాలు తగ్గుతుంది. పాటులో 70 కిలోల మెషిన్‌ను నిట్టవాలుగా ఎక్కించడం తెలివి తక్కువ. కింద ఉన్నవాడు మెషిన్‌కు సూటిగా కింద నిలబడకూడదు, పక్కకు ఉండాలి.

ఇక రెండో ప్రశ్న. పోవాలా వద్దా?

తమ్ముళ్ళూ, మీ వీసా ఉన్న కంపెనీ పంపితే వెళ్ళండి. ఓనర్ నేరుగా మిమ్మల్ని సెలవు రోజు పిలిస్తే పర్మిట్ లేకుండా వెళ్ళవద్దు. వీసా ఇచ్చిన కంపెనీ కాక ఇంకొకరి దగ్గర పనిచేయాలంటే కార్మిక మంత్రిత్వ శాఖ పర్మిట్ ఉండాలి. పార్ట్ టైమ్ పర్మిట్ అనేది ఉంది, దొంగతనంగా పోవలసిన పని లేదు. 2024లో సవరించిన చట్టం ప్రకారం పర్మిట్ లేని మనిషితో పని చేయించుకున్న యజమానికి 1 లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా జరిమానా. అంత భయం ఉన్న ఓనర్, ఏదైనా జరిగితే ‘వీళ్ళెవరో నాకు తెలియదు’ అంటాడు. అప్పుడు వీసా పోయేది మనది.

దెబ్బ తగిలితే సంగతి ఇంకా కష్టం. సొంత కంపెనీ పనిలో గాయపడితే వైద్యం ఖర్చు కంపెనీదే. పని చేయలేని రోజులకు ఆరు నెలల దాకా పూర్తి జీతం, ఆ తర్వాత మరో ఆరు నెలల దాకా సగం జీతం ఇవ్వాలని చట్టంలో ఉంది. దొంగచాటు పనిలో వేలు తెగితే ఇదేదీ మీకు దొరకదు. ఊళ్ళో అప్పు మాత్రం అలాగే ఉంటుంది. మెషిన్ మార్చినందుకు వచ్చే దిర్హాములతో ఇది తూకం వేసి చూడండి.

కంపెనీ తరఫున వెళ్ళినా కూడా మూడు మాటలు గుర్తుంచుకోండి. పని మొదలుపెట్టక ముందు తలుపులు, మెట్లు, చెక్క గోడల మీద ఉన్న పాత గీతలన్నీ ఫోన్‌తో ఫోటో తీసి ఫోర్‌మన్‌కు పంపండి. పని అయ్యాక ‘సముద్రంలో ఒక రౌండ్ నడిపి చూద్దాం, మీరూ రండి’ అంటే దిగిపోండి. కల్బాకు ఒమన్ సరిహద్దు కూతవేటు దూరం, కాగితం లేకుండా నీళ్ళ మీద దొరికితే సంజాయిషీ చెప్పుకోవడం కష్టం. ఇక పాత మెషిన్. ‘మీరే తీసుకుపొండి’ అంటారు. మన క్యాంపుకు పనికొస్తుందని ఆశ పుడుతుంది. ఓనర్ సంతకంతో చీటీ లేకుండా గేటు దాటించవద్దు, దొంగ సామాను అంటారు. చీటీ ఇవ్వనంటే అక్కడే వదిలేయండి. రాత్రి పూట ఖోర్ కల్బా మడ చెట్లలో పారేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది రక్షిత ప్రాంతం, పట్టుబడితే మాఫీ ఉండదు.

జీతం, గాయం, పర్మిట్ విషయాల్లో అనుమానం ఉంటే మంత్రిత్వ శాఖ నంబరు 600590000కు ఫోన్ చేయండి. మన కాన్సులేట్ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 800 46342. ముగ్గురు తమ్ముళ్ళూ ఆ ఓనర్‌ను మీ కంపెనీ ఆఫీసుకు పంపి కొటేషన్ అడగమనండి. పని మీ చేతికే వస్తుంది, ఓవర్‌టైమ్ కూడా కాగితం మీద ఉంటుంది. అట్ట డబ్బా ఎక్కడ ఇరుక్కుందో మాకు రాయండి.

వచ్చే వారం: క్యాంపు గదిలో ఒకే ప్లగ్గుకు ఎన్ని ఎక్స్‌టెన్షన్ బాక్సులు?